చెవిటి పుట్ట

అచ్చియ్యమ్మకి అన్యాయం జరిగింది పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది జూలై తొమ్మిదో తారీకున, ఆదివారం, పునర్వసు కార్తెలో, పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ. కథకి తారీకు ఎందుకమ్మా అంటారేమో. రాజుగారి కథకైతే అనగనగా చాలు, ఆయన్ని ఎవరూ కాదనరు. విస్తళ్ళు కుట్టుకుని బతికే ఆడదానికి అనగనగా అన్నామనుకో, ఎప్పుడో ఏదో అయ్యుంటుందిలే అని కొంగు దులుపుకుని లేచిపోతారు. అందుకని తారీకు. ఆ చింతపండు గింజ తీస్తూనే వినండి, చేతులకి నా మాటలతో పనేం లేదు.

మన మద్దులోవ పైన, కాలవ దాటాక, బండిదారి పక్కన రెండెకరాల తోపుంది చూడండి. అప్పట్లో దాన్ని కోడళ్ళ తోపు అనేవారు. మద్ది చెట్లు, ఇప్ప చెట్లు, తునికి, మధ్యమధ్య వెదురు పొదలు. ఆ తోపు ఏనాడూ మగాళ్ళ చేతికి రాలేదంట. అత్తగారికి ఒంట్లో ఓపిక తగ్గాక పెద్దకోడలి చెయ్యి పట్టుకుని తోపంతా తిప్పి, ఒక్కో పుట్ట దగ్గర నిలబెట్టి దాని పేరు చెప్పేదంట. ఆ పేర్లన్నీ కోడలు తప్పు లేకుండా తిరిగి చెప్పిందా, తోపు ఇక కోడలిదే. కాగితం లేదు, సాక్షి లేడు. అచ్చియ్యమ్మని వాళ్ళత్త మంగాయమ్మ అట్లాగే తిప్పిందంట. పదకొండు పుట్టలు. మెట్ల పుట్ట, కవల పుట్ట, వంగిన పుట్ట, బాలింత పుట్ట, అట్లా. పదకొండోది తోపు అంచున, బండిదారిని ఆనుకుని ఉంటుంది, దాని పేరు చెవిటి పుట్ట. మంగాయమ్మ కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ దానిమీద ఒక్క కొక్కు లేవలేదంట. ఎంత ఉరిమినా వినదని ఆ పేరు. "మరి దీనికెందుకత్తా మేత వెయ్యడం" అని అచ్చియ్యమ్మ అడిగితే, "చెవిటిదానికి ఆకలి ఉండదా ఏంటే" అందంట ముసలిది.

మేతేంటి అంటున్నావు కదూ, చెప్తా. కొక్కులంటే పుట్టగొడుగులే. పుట్టమీద లేచేవి పుట్టకొక్కులు, మనం తినేవి. పెంటమీద లేచేవి కుక్కగొడుగులు, మనల్ని తినేవి. వానకి అవే లేస్తాయి, మనం పోయి ఏరుకోవడమే అనుకుంటారు అందరూ. కాదు, అది సాగు. దున్నడం లేదు గాని వరి కంటే ఎక్కువ చాకిరీ. తోపులో కూలిన చెట్టు కూలినచోటే ఉండాలి, వంటచెరుక్కి తెచ్చుకోకూడదు. కార్తీకం మొదలుకుని రాలిన ఆకు, విరిగిన కొమ్మ, చివికిన తట్ట, పాడైన చేట, కప్పు మీంచి దింపిన పాతగడ్డి, అన్నీ గంపల్లో మోసి ప్రతి పుట్ట చుట్టూ పరవాలి. ఎండాకాలంలో నాలుగు రోజులకోసారి బియ్యం కడిగిన నీళ్ళు చల్లాలి. రోహిణిలో తొలి వాన పడ్డాక ఇక ఆ చుట్టుపక్కలకి మనిషి పోకూడదు, మేక పోకూడదు. మృగశిరలో ఉసుళ్ళు ఎగురుతాయి, అదే, రెక్కలొచ్చిన చెద. ఏ పుట్టలోంచి ఉసుళ్ళు లేచాయో ఆ పుట్ట బతికున్నట్టు. ఆరుద్రలో గట్టిగా ఉరిమిన మర్నాడు తెల్లారేసరికి మొగ్గలు. ఆ మొగ్గని మెలితిప్పి లాగాలి, గునపం పెట్టకూడదు. లాగినచోట మన్ను వేలితో నొక్కాలి. గుంపుకి ఒకటి ముదరడానికి వదిలెయ్యాలి. ఇంటికి తెచ్చి కడిగాక ఆ నీళ్ళు పారబొయ్యకుండా మళ్ళీ మోసుకుపోయి పుట్టమీదే పొయ్యాలి. "చెదకి నువ్వు పెడితే చెద నీకు పెడుతుంది, అది తినగా మిగిలిందే మన కూర" అనేదంట మంగాయమ్మ. మొదటిరోజు కోత ఊళ్ళో బాలింతలకీ జబ్బుమనుషులకీ ఆకుదొప్పల్లో పంచేవారు. రెండోరోజుది ఇంటికో దొప్ప. మూడోరోజుది తమకి. ముందు చెయ్యి ఎప్పుడూ ఆ ఇంటి కోడలిదే పడాలి, ఇంకొకరు ముట్టకూడదు. అదీ కట్టుబాటు. ఆరుద్ర కార్తెలో కొక్కుల పులుసు వాసన రాని ఇల్లు మద్దులోవలో ఉండేది కాదంట.

ఇక తాతారావు. అచ్చియ్యమ్మకి మరిది. ఆవిడ కాపరానికి వచ్చేసరికి ఎనిమిదేళ్ళవాడు, తల్లి కొంగు వదిలి వదిన కొంగు పట్టుకున్నాడంట. కామెర్లొచ్చి అన్నం సయించకపోతే మంచం పక్కన కూచుని ముద్ద ముద్దా పెట్టి బతికించుకుందంట. ఆవిడ మొగుడు పెద్దిరాజు నెమ్మదైన మనిషి, నలభై దాటకుండానే జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. అన్న పోయిన మూడో ఏట తమ్ముడు కొత్తిల్లు కట్టాడు. రాజమండ్రి నుంచి టేకు గుమ్మం తెప్పించాడంట, నిలువునా తీగలు, పైన రెండు చిలకలు. ఊరంతా ఆ గుమ్మం చూడ్డానికే గృహప్రవేశానికి పోయారు, భోజనానికి కాదు. ఏమైందంటే, ఏడాది తిరిగేసరికి కుడివైపు చిలక్కి చెద పట్టింది. తోక తినేసింది, పొట్ట తినేసింది, ముక్కు మాత్రం మిగిల్చింది.

అంతే, తాతారావుకి కోపం ఎక్కడికి పోవాలో దారి దొరికింది. దీపావళి వెళ్ళాక పెద్దల్ని కూచోబెట్టాడంట. "మా వదిన మేత వేసి మరీ చెదని పెంచుతోంది, అది వచ్చి నా గుమ్మం మేస్తోంది" అన్నాడంట. అచ్చియ్యమ్మ నవ్వి, "తోపుకీ నీ గుమ్మానికీ మధ్య కాలవుంది కదా అబ్బాయి, నా చెద ఈదుకుంటూ వచ్చిందా, పడవెక్కి వచ్చిందా" అందంట. కూచున్నవాళ్ళంతా పగలబడి నవ్వారంట. అక్కడే చెడింది. ఆడది నలుగుర్ని నవ్వించిందనుకో, నవ్వినవాళ్ళలో ఒక్కడు కూడా రేపు దాని వెనక నిలబడడు. నవ్వులపాలైనవాడు మాత్రం జన్మంతా వెంటపడతాడు. నాకు తెలుసు గనక చెప్తున్నా, మీరు మానేస్తారని కాదు.

అప్పటి ఊరిపెద్ద గవరయ్య. ఆయన గొంతు సవరించుకుని, పుట్టలకి చెదల మందు పోయిద్దాం, పీడ పోతుంది అన్నాడంట. "పుట్ట చస్తే కొక్కులుండవండి" అంది అచ్చియ్యమ్మ. "కొక్కులు ఉరుముకి పుడతాయి గాని చెదకి పుడతాయా ఏంటమ్మా, మా తాతల నాటి మాట అది" అన్నాడాయన. "ఉరుము పిలుస్తుందండి. కనేది చెదే" అందంట. "అయితే ఏంటి, వచ్చే ఏడు ఉరుము మానేస్తుందా" అని తాతారావు అన్నాడంట, ఈసారి అతని మాటకి నవ్వారంట. చూశారా, తెలివితక్కువ మాటకీ తెలివైన మాటకీ నవ్వు ఒకటే.

మర్నాడు పొద్దున్నే పోయారంట నలుగురు, గునపాలూ, మందు కలిపిన డ్రమ్మూ పట్టుకుని. ఒక్కో పుట్టకీ గునపంతో మూడేసి కన్నాలు పొడిచి బిందెలతో పోశారంట. మెట్ల పుట్ట పగలగొడితే లోపల తేనెపట్టు లాంటిది బయటపడిందంట, తేనె లేని పట్టు, మట్టిరంగుది, మెత్తగా దూదిలా ఉండి, దానినిండా తెల్లటి నూకల్లాంటివి. చెద గుడ్లురా అని కాళ్ళతో తొక్కారంట. అదే విత్తనం. పట్నంలో చదువుకున్నవాళ్ళు రాసిన వ్యవసాయం పుస్తకం ఒకటి నా చేతికొచ్చాక నేను చదివాను, చెద ఆ పట్టుమీదే కొక్కుని పెంచుతుందంట, మనం మడిలో వరి పెంచినట్టు. ఆ నలుగురికీ తెలీదు. అచ్చియ్యమ్మకీ తెలీదు. కానీ వాళ్ళ వెనకే పోయిన ఆవిడ, తొక్కగా మిగిలిన పట్టు ముక్క చారెడు కొంగులో వేసుకుందంట. పది పుట్టలకి పోసేసరికి డ్రమ్ము ఖాళీ అయింది. పదకొండోది చెవిటి పుట్ట. "దీనిమీద ఎప్పుడు లేచాయి గనక, దీనికి మందు దండగ" అని వెళ్ళిపోయారంట. వాళ్ళు కాలవ దాటేదాకా ఆగి, ఆ పట్టు ముక్కని చెవిటి పుట్ట బీటలో దోపి మన్నుతో మూసిందంట. ఎందుకు చేశావత్తా అని తర్వాత ఎప్పుడో అడిగాను. "ఇల్లు అంటుకుంటే చేతికందిన పిల్లని పక్కింట్లో పడేస్తాం. ఎందుకని ఆలోచిస్తామా ఏంటే" అంది.

ఇదంతా నేను విన్నది. ఆ మాఘమాసంలో నేను ఈ ఊరికి కోడలుగా వచ్చాను. అచ్చియ్యమ్మ నాకు వరసకి అత్త. ఇక్కణ్ణుంచి నా కళ్ళతో చూసింది.

ఆ ఏడు మృగశిరలో తోపులోంచి ఉసుళ్ళు లేవలేదు. పది పుట్టల్లో ఒక్కదాన్లోంచీ లేదు. చెవిటి పుట్టలోంచి మాత్రం చారెడు లేచి గాలికి పోయాయంట, అది అచ్చియ్యమ్మత్త ఒక్కతే చూసింది. ఆరుద్ర వచ్చింది. ఉరిమింది. ఇంటి వాసాలు అదిరేట్టు ఉరిమింది. మర్నాడు ఊళ్ళో ఆడాళ్ళంతా మసాలాలు నూరి పెట్టుకున్నారు, మా అత్త కూడా ధనియాలు వేయించింది. ఏమీ రాలేదు. రెండోరోజూ లేదు, మూడోరోజూ లేదు. నూరిన మసాలా వంకాయలో వేసుకుని తిన్నారు. ఆ వంకాయ కూర తింటూనే ఎవరి నోట మొదట వచ్చిందో తెలీదు గాని సాయంత్రానికి ఊరి నోట్లో ఉంది, కడుపుమంటకొద్దీ అచ్చియ్యమ్మ ఏదో మంత్రం వేసి పుట్టలకి కట్టు కట్టిందని. మందు పోసిన నలుగురూ అందరికంటే గట్టిగా అన్నారు. అనక చస్తారా మరి.

ఆ ఆదివారం గవరయ్య అరుగుమీద కూచున్నారు. ఆడాళ్ళం ఎదురింటి తలుపు వెనక నిలబడ్డాం, కొత్తకోడల్ని గనక నేను అందరికంటే వెనక. ఊరికో పుస్తకం ఉండేది, ఎర్ర గుడ్డ అట్ట, కట్టుబాట్లన్నీ అందులో రాసేవారు. గవరయ్య రాసి పైకి చదివాడు. పెద్దిరాజు భార్య అచ్చియ్యమ్మ పుట్టలకి కట్టు కట్టినందున ఇకమీదట తోపులో అడుగు పెట్టరాదు, తోపు మరిది తాతారావు స్వాధీనం. అచ్చియ్యమ్మత్త నెత్తిమీద కొంగు సర్దుకుని, "రాయండి, రాసేది ఎటూ రాస్తారు. పుట్టలకి మందు పోసిన సంగతి కూడా రాయండి" అంది. "దానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నాడు గవరయ్య. "సంబంధం లేకపోతే రాయడానికి భయమెందుకండి" అంది. ఆవిడ తాతారావు వంక చూసింది. అతను అరుగు అంచున పెచ్చు గోకుతూ కూచున్నాడు. ఆవిడ వేలు పట్టి ముద్ర వేయించారు. నాకప్పటికే చదవడం వచ్చు, కొట్లో పొట్లం కట్టిన కాగితాలు విప్పి విప్పి నేర్చుకున్నదాన్ని. ఆ తలుపు వెనకనుంచి ఒక్క మాట, "మందు పోసిన మాట నిజమే కదా" అని అనొచ్చు. అనలేదు. ఇప్పుడు నా నోటికి భయపడి కొట్లో శేషగిరి తూకం సరిగ్గా వేస్తున్నాడని నవ్వుతారు మీరు. ఆ రోజు మూసుకున్న నోరే ఇది.

తర్వాత తొమ్మిదేళ్ళు. ఒక్క మాటలో అనేశాను చూడండి, చెప్పడం ఎంత తేలికో. ఆవిడ ఆకులు కోసి విస్తళ్ళు కుట్టి సంతకి మోసుకుపోయి బతికింది. తోపులో అడుగు పెట్టలేదు. కానీ పుస్తకంలో అడుగు అన్నారు గాని చెయ్యి అనలేదు కదా. తోపుకీ బండిదారికీ మధ్య రాళ్ళ వరస ఉంది, చెవిటి పుట్ట ఆ వరసకి అవతల రెండు బారల్లో. అత్త దారిలోనే నిలబడి, పొడుగాటి వెదురుగెడ కొనకి చిల్లుతట్ట కట్టి, అందులో ఆకూ చివుకుకొమ్మా నింపి, గెడ చాచి పుట్టమీద కుమ్మరించేది. ఎండాకాలమైతే అదే గెడకి ముంత కట్టి బియ్యం నీళ్ళు. బండ్లవాళ్ళు ఆగి చూసి నవ్వేవారు. "ఏం పిన్నీ, చేపలు పడుతున్నావా" అనేవాళ్ళు. "పడితే నీకే ఇస్తాలే, నోరు మూసుకునే రకం చేప" అనేది మొదట్లో. తర్వాత తర్వాత అదీ అనడం మానేసింది. నడుం వంగింది. గెడ బరువనిపించి చిన్న గెడ కట్టుకుంది, అది అందక రాళ్ళమీదికి వంగేది. ఒకరోజు నేను కూడా గంప పట్టుకుని వెళ్ళాను. "కోపం రాదా అత్తా" అన్నాను. "ఓపిక లేదే. కోపానికి కూడా తిండి పెట్టాలి. ఉన్నది ఈ పుట్టకే చాలట్లేదు" అంది. గెడ నాకిచ్చి రాయి మీద కూచుంది.

తాతారావు మాత్రం సుఖపడ్డాడా అంటే, లేదనుకో. తోపులో జీడిమామిడి వేశాడు. చెద లేని నేల కదా, రాలిన ఆకు రాలినట్టే మోకాలెత్తు పేరుకుపోయింది, వాన నీళ్ళు దాని మీంచే జారి కాలవలోకి పోయాయి. మొక్కలు బతికినవి బతికాయి, వాటికి కాండం తొలిచే పురుగొచ్చింది. రెండో చిలక్కీ చెద పట్టింది. అవునమ్మా, తోపులో చెదంతా చచ్చాక పట్టింది. టేకు గుమ్మం పీకి సిమెంటు గుమ్మం పెట్టించాడు. గవరయ్య పోయాక పెద్దరికం అతనికొచ్చింది, ఎర్ర అట్ట పుస్తకం కూడా అతనింటికే వచ్చింది, చెక్కపెట్టెలో పెట్టుకున్నాడు. జుట్టు నెరిసింది. వదిన ఎదురుపడితే దారి మారేవాడు, అంతే. తప్పు చేశానని తెలిసినవాడికి తిట్టే మనిషి ఎదురుపడితే పరవాలేదు, తిట్టనిది ఎదురుపడితేనే కష్టం.

తొమ్మిదో ఏడు మృగశిరలో చెవిటి పుట్టలోంచి ఉసుళ్ళు లేచాయి. పొగ లేచినట్టు లేచాయంట. అత్త ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆరుద్ర కార్తె, శనివారం సాయంత్రం ఉరిమింది. ఆదివారం తెల్లారి నేను పాలచెంబు పట్టుకుని బండిదారిన వస్తున్నా. పుట్ట కనబడలేదు. పుట్ట ఉండాల్సినచోట తెల్లగా, గుడ్డ పరిచినట్టు. దగ్గరికొస్తే మొగ్గలు. వందలు. ఒకదాన్నొకటి తోసుకుని. రాళ్ళ వరసకి ఇవతల అచ్చియ్యమ్మత్త, చంకలో గంప, కాలి బొటనవేళ్ళు రాయిని ఆనించి నిలబడి ఉంది. ఏడవట్లేదు, నవ్వట్లేదు. జ్వరం తగ్గిన మనిషి మొహం ఎట్లా ఉంటుంది, అట్లా ఉంది.

చెంబు కింద పెట్టి ఊళ్ళోకి పరిగెత్తాను. గంటలో ఊరంతా దారిమీద ఉంది, గిన్నెలతో సహా. అప్పటి పిల్లలు కొక్కు అంటే ఏంటో చూడలేదు, అవేంటి అవేంటి అని గోల. ముసలాళ్ళు ముక్కులు ఎగబీల్చారు. "వెళ్ళి లాగవే అచ్చియ్యా, ముదిరిపోతాయి" అన్నారు. "అడుగు పెట్టకూడదని పుస్తకంలో ఉంది కదండి" అంది. "ఆఁ, ఎప్పుడిదో మాట, వెళ్ళు" అన్నారు. "నోటిమాటతో ఆపారా నన్ను, నోటిమాటకి వెళ్ళడానికి? రాసి ఆపారు. పుస్తకం తెండి" అంది. తాతారావు వచ్చాడు. మనిషి దూరంగా ఆగిపోయాడు. అతని పెళ్ళాం పార్వతాలు వెనకనుంచి, "మన తోపే కదా, మీరు లాగండి, చూస్తారేంటి" అని పొడిచింది. అతను రాళ్ళు దాటాడు, వంగాడు, చెయ్యి చాచాడు. అత్త మెల్లిగా అంది: "లాగు అబ్బాయి. ముందు చెయ్యి నీదే పడనీ. వచ్చే ఏడు లేవకపోతే కట్టు ఎవరు కట్టారంటారో చూద్దాం." అతని చెయ్యి మొగ్గ మీద అంగుళం ఎత్తున ఆగిపోయింది. అందరివంకా చూశాడు. అందరూ తమ గిన్నెల్లోకి చూసుకున్నారు. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడమీదికి తోలిన కుక్క కదా, ఇవాళ ఎవరి పిక్క పడుతుందో ఎవరికీ నమ్మకం లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పుస్తకం తెస్తానుండు వదినా" అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆవిడతో అన్న మొదటి మాట అది. పెట్టె తలమీద పెట్టుకుని తెచ్చాడు. దారిమీదే దించి మూత తీశాడు. ఏమైందంటే, ఎర్ర అట్ట ఉంది. పై అట్టా కింది అట్టా ఉన్నాయి. మధ్యలో మన్ను. అడుగు చెక్కకి కన్నం పెట్టుకుని వచ్చి అరవై ఏళ్ళ కట్టుబాట్లు అక్షరం మిగల్చకుండా తినేసి, బదులుగా శుభ్రమైన మన్ను నింపి పెట్టింది చెద. ఊరు నవ్వుదామని నోరు తెరిచి, తాతారావు మొహం చూసి మూసుకుంది. నేను మాత్రం నవ్వాను. "ఈ చెద ఎవరు పెంచింది మావయ్యా, ఇది కూడా కాలవ ఈదే వచ్చిందా" అన్నాను. అనాలా వద్దా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. అనాలి.

తాతారావుకి మాత్రం మొహంలో కాస్త ప్రాణం వచ్చింది. "ఇంక రాసిందే లేదు వదినా. నీకు అడ్డే లేదు. వెళ్ళు" అన్నాడు. నిజమే నిజమే అని అందరూ తలలూపారు, ఎంత తేలిగ్గా తేలిపోయిందో చూడండి. అత్త కదల్లేదు. "నువ్వు రాసింది చెద తింది. నేను పడ్డది ఏది తింటుంది? అడ్డు లేదంటే అసలేమీ జరగలేదన్నట్టే కదా. నన్నెందుకు ఆపారో మళ్ళీ రాయండి. మందు పోసిన సంగతి ఆ రోజు రాయలేదు, అది కూడా రాయండి. రాశాక కొట్టెయ్యండి. అప్పుడు వెళ్తాను" అంది. "తిన్నగా ఉన్నదాన్ని మళ్ళీ ఎందుకు తవ్వడం" అని పార్వతాలు గొణిగింది. "తవ్వింది మీరే గదే, మూడేసి కన్నాలు" అంది అత్త, అరవకుండా.

వాదన సాగుతూనే ఉంది, పొద్దు ఎక్కుతూనే ఉంది. మొగ్గలు విచ్చుకోవడం మొదలైంది. మొగ్గగా లాగితేనే రుచి, గొడుగు విప్పితే సగం పోయినట్టు, మర్నాటికి పురుగే. ఊరంతా ఆవిడ మొహం వంకా పుట్ట వంకా మార్చి మార్చి చూస్తున్నారు. ఒక ముసలాయనైతే, తొమ్మిదేళ్ళ తర్వాత లేచాయి, ఒక్క ముద్ద తిని పోదామనుకున్నానే అన్నాడు పాపం. అత్తకి జాలి లేదా అంటే, ఉంది. ఆ ముసలాయన వంక చూసినప్పుడు చంకలో గంప దించబోయి మళ్ళీ ఎత్తి పెట్టుకుంది, నేను చూశాను. ఆవిడ కూడా తొమ్మిదేళ్ళుగా తినలేదు కదా. అయినా కాలు కదపలేదు. గొడుగులు ఒక్కొక్కటే విప్పుకున్నాయి.

చివరికి తాతారావు ఆ రాళ్ళమీదే కూలబడ్డాడు. "నా చేత రాయించకు వదినా. ఈ పిల్ల రాస్తుంది, నేను సంతకం పెడతాను" అని నన్ను చూపించాడు. మా వాడి బడిపుస్తకంలోంచి కాగితం చింపారు. నేను పెట్టె మూతమీద పెట్టి రాశాను. మందు అన్న మాట దగ్గర ఆగి అతని వంక చూశాను. "రాయమ్మా. పోయించింది నేనే" అన్నాడు, అలిసిపోయిన గొంతుతో. సంతకం పెట్టి ఆ కాగితం వదినకి రెండు చేతులా ఇచ్చాడు. ఆవిడకి చదవడం రాదు. నన్ను రెండుసార్లు చదవమంది. మడిచి బొడ్లో దోపుకుంది.

అప్పుడైనా వెళ్ళి కోసుకుందా అంటే, లేదు. "ఇవాళ ఎవరూ ముట్టకండి. ముదరనివ్వండి. ముదిరితే వాటి ధూళే విత్తనం, గాలికి పోతుంది, అది వాలడానికి పది పుట్టలున్నాయి లోపల" అంది. ఖాళీ గంప చంకలో పెట్టుకుని ఇంటికి పోయి పడుకుంది, మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. ఊరు కూడా ఖాళీ గిన్నెలతో ఇంటికి పోయింది. వంకాయే వండుకున్నారు.

మరుసటి ఏడు ఆవిడే కోసింది, మొదటి దొప్ప ఆ ముసలాయన కొడుకు తీసుకున్నాడు, ఆయన లేడప్పటికి. పది పుట్టల్లో ఇప్పటికి నాలుగు తిరిగి ఉసుళ్ళు లేపాయి. మిగతావి లేపుతాయో లేదో నాకు తెలీదు, నేనుండగా కాకపోవచ్చు. అత్త పోయేముందు ఏడాది నన్ను చెయ్యి పట్టుకుని తిప్పి పేర్లు చెప్పింది. నేను ఆవిడ కోడల్ని కాను. పేర్లు తప్పు లేకుండా చెప్పాను, అంతే. ఇప్పుడు నా నడుమూ వంగింది, గంపలు ఎవరైనా మోస్తారేమో అని మీకీ కథ చెప్తున్నా, ఊరికే కాదు. చింతగింజలు తర్వాత ఏరుకోవచ్చు. ఆ కాగితం రేకుడబ్బాలో పెట్టాను, చెదకి అందకుండా. చెదంటే గౌరవమే గాని, నమ్మకం లేదు. చదువుతాను, వినండి.

"కోడళ్ళ తోపులో పది పుట్టలకు తాతారావు అను నేను చెదల మందు పోయించితిని. అందువలన కొక్కులు రాలేదు. అది దాచి మా వదిన అచ్చియ్యమ్మ కట్టు కట్టెనని రాయించి తొమ్మిదేండ్లు తోపులోనికి రానివ్వలేదు. ఆమె ఏ కట్టూ కట్టలేదు. ఆ రాత కొట్టివేయడమైనది. తోపు ఆమెది. చెవిటి పుట్ట మీద కొక్కులు లేచిన దినము, 1987 జూన్ 28, ఆదివారం."